చేపలావిడ ప్రమాణం

మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడ, మొప్పలు ఎత్తి ఎరుపు చూపించందే బేరం మొదలెట్టేది కాదు. రేవులో పడవ నడిపే అతనికీ ఆవిడకీ ఏళ్ళ తరబడి మాటల్లేవు.

ఐ.పోలవరం వైపు అందరూ రొయ్యల చెరువులు తవ్వుతున్న రోజులవి. ఒక ఉదయం మా చెరువులో రొయ్యలన్నీ చచ్చి గట్టుకి కొట్టుకొచ్చేయి. చెరువు తవ్వొద్దని గొడవపడ్డ పడవతనే విషం కలిపేడని మా నాన్నగారు పెద్దల్లో పెట్టేరు. అతను కాదన్నాడు.

"నీతోపాటు ఇంకొకరు అమ్మవారి గుళ్ళో కర్పూరం ఆర్పి ప్రమాణం చేస్తే వదిలేస్తాం" అన్నారు పెద్దలు. సొంత తమ్ముళ్ళే తలొంచుకున్నారు. చేపలావిడ గంప దింపి ముందుకొచ్చింది. అతని తరవాత తనూ మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, "ఇతను చెయ్యలేదండీ" అంది. పెద్దలు అతన్ని వదిలేసేరు.

మర్నాడు ఆవిడ చేతికి వెన్న రాస్తూ అడిగేను.

"నువ్వు చూసేవా?"

"లేదండీ."

"మరెలా ప్రమాణం చేసేవు?"

"అతనేం చేసినా ఎదురుగానే చేస్తాడండీ. నా గంప ఏట్లోకి విసిరిందీ పదిమంది ముందేనండీ."

ఆ తరవాత పడవతను ఊరికే దాటిస్తానన్నా ఆవిడ ఎక్కలేదు. ఎండలో వంతెన దాకా నడిచి, చుట్టూ తిరిగి వచ్చేది.

"మంచోడనేగా ప్రమాణం చేసేవు?" అన్నాను.

"ఆయ్, మంచోడేనండి. మాటల్లేవు కదండీ."

రొయ్యలు ఎందుకు చచ్చేయో మాకెవరికీ తేలలేదు. అతని కోసం చెయ్యి కాల్చుకున్న మనిషి అతని పడవ ఎందుకెక్కలేదో అదీ నాకు తేలలేదు.