అమెరికా మేయరు, మా కాలనీ గంట

హైదరాబాదులో సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక మిఠాయి దుకాణం పై అంతస్తులో మా ఆఫీసు. అమెరికా నాయకుల మాటలు విని, అక్షరం పొల్లుపోకుండా టైపు కొట్టడం అక్కడ నా ఉద్యోగం. నాయకులంటే పెద్దవాళ్లు కాదు. ఎక్కడో ఒక చిన్న ఊరి మేయరు, ఆయనకు అటూ ఇటూ కూర్చునే కౌన్సిల్ సభ్యులు. వాళ్ల సమావేశాల వీడియోలు మాకు వచ్చేవి. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పగలంతా వాళ్లతోనే కాపురం చేసేదాన్ని.

కొత్తలో భయభక్తులతో వినేదాన్ని. కాకినాడ వైపు నుంచి వచ్చినదాన్ని, అమెరికాలో పాలన గడియారంలా నడుస్తుందనుకున్నాను. కొన్నాళ్లకే ఆ భ్రమ వదిలింది. అక్కడ ఒక సభ్యుడు ఇంకో సభ్యుణ్ణి దులిపేయబోయే ముందు "నా గౌరవనీయ మిత్రుడికి కృతజ్ఞతలు" అంటాడు. గుంత పూడ్చాలంటే ముందు దాని మీద అధ్యయనం. అధ్యయనం ఎవరు చేయాలో తేల్చడానికి ఉపసంఘం. ఉపసంఘం కూర్చునేసరికి ఎన్నికలు. పైన వాళ్ల పెద్ద ప్రభుత్వం ఇంకా ఘనమైనది. ఖర్చుల మీద పోట్లాడుకుని ఏకంగా ఆఫీసులకే తాళాలు వేసుకుంటుంది. కింది ఉద్యోగులు జీతాలందక అల్లాడుతుంటే, పోట్లాడుకున్న సభ్యులకు మాత్రం జీతం ఆగదు. ఇది విని నాకు మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ అలిగి వంటింటికి తాళం వేసిన రోజున కూడా తన పళ్ళెంలో వడ్డించుకునే అలిగేవారు.

ఆ ఊళ్లో ఒక ముసలావిడ ఉండేది. ఆవిడ వీధిలో బస్సు ఆగడం మానేసింది. మోకాళ్ల నొప్పులతో మెరక ఎక్కి పక్క స్టాపుకు నడవలేనని చెప్పుకోవడానికి ప్రతి సమావేశానికీ వచ్చేది. జనంలోంచి ఎవరు మాట్లాడినా మూడు నిమిషాలే. గంట మోగగానే మైకు ఆగిపోయేది. ఆవిడ వాక్యం సగంలో తెగిపోయేది, నేను అక్కడ ఒక గీత కొట్టేదాన్ని. "మీ అభిప్రాయాన్ని గమనంలోకి తీసుకున్నాం" అనేవాడు మేయరు. ఆయనకు మాత్రం గంట ఉండేది కాదు.

సాయంత్రం దూలపల్లి వైపు మా కాలనీకి చేరగానే పక్కింటి అరుగు మీద టీ సిద్ధంగా ఉండేది. పక్కింటాయనది దగ్గర్లోని దేవరయాంజాల్ ఊరు. భూములున్న మనిషి, ఒకప్పుడు సర్పంచ్. ఆయన భార్య టీ చేతికిస్తుంటే ఆయన అడిగేవారు.

"ఇయ్యాల మీ అమెరికా సర్పంచ్ ఏమన్నడు సెల్లె?"

"గమనంలోకి తీసుకున్నాడు అన్నయ్యగారూ."

"అంటే పని గాదన్నట్టు. నేను సర్పంచ్ ఉన్నప్పుడు 'సూస్తం' అంటుంటి. గా ఒక్క ముచ్చటకు ఇంగ్లీషుల గింత పొడుగు మాట ఉందా?"

ఒకరోజు ముసలావిడను వేదిక మీదికి పిలిచారు. నేను కుర్చీలో ముందుకు జరిగాను. ప్రజా వ్యవహారాల్లో ఆవిడ చూపిన శ్రద్ధకు మెచ్చి ప్రశంసాపత్రం ఇచ్చారు. ఫోటో తీశారు. నేను బ్రాకెట్లు పెట్టి "చప్పట్లు" అని కొట్టాను. చప్పట్లు ఆగాక ఆవిడ నెమ్మదిగా "మరి బస్సు?" అంది. మేయరు ఇంకోసారి కృతజ్ఞతలు చెప్పి తర్వాతి అంశానికి వెళ్ళిపోయాడు. నేను హెడ్‌ఫోన్లు తీసి, ఆ తెర మీది మనిషిని అచ్చ తెలుగులో నాలుగు మాటలన్నాను. అవి ఇక్కడ రాయదగ్గవి కావు.

సాయంత్రం ఆ సంగతి పక్కింటాయనకు చెప్పాను.

"బస్సు అడిగితే కాయితం ఇచ్చిండ్రా," అన్నారు. "మా అవ్వయితే దాన్ని ఆడ్నే సింపుతుండె."

ఆ రోజుల్లోనే మా సందులో పైపుల కోసం తవ్వి, పూడ్చకుండా వదిలేశారు. వాన పడితే నడవలేని బురద. మా ప్రాంతపు నాయకుడొకాయన కాలనీ హాలుకు వస్తున్నాడని తెలిసింది. ఆయన మైకు పడితే వదలడని పేరు. "ఇక్కడ కూడా ఆ మూడు నిమిషాల రూలు ఉంటే ఎంత బాగుండు" అన్నాను నవ్వులాటకి. పక్కింటాయన నవ్వలేదు.

సమావేశం రోజు ఆయనే లేచి, "ఇయ్యాల అమెరికా పద్ధతి. ఎవలైనా మూడు నిమిషాలే. పెద్ద లేదు, సిన్న లేదు," అని చెప్పి కూర్చున్నారు. నాయకుడు చిరునవ్వు నవ్వి తన బాల్యం దగ్గర మొదలుపెట్టాడు. ఆయన బడికి వెళ్లే వయసుకు వచ్చేసరికి పక్కింటాయన జేబులోంచి పూజగంట తీసి గణగణ వాయించారు. నాయకుడు అలవాటు కొద్దీ కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. హాలంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

"హారతి గాదు తమ్మీ, టైమైంది. రోడ్డెప్పుడు?"

నాయకుడు మంచినీళ్లు తాగి, "జల్దీ ఏపిస్త" అన్నాడు. అందరూ ఫోన్లలో తీసుకున్నారు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

రోడ్డు రాలేదు కానీ, తర్వాతి సమావేశానికి నాయకుడు తన అనుచరుడి చేత ఒక కరెంటు గంట మోయించుకుని వచ్చాడు. "గీ పద్ధతి మస్తు నచ్చింది నాకు," అన్నాడు. ఆ గంట జనానికి మాత్రమే. నేను లేచి, తవ్విన సందు ఏదో చెప్పేలోగానే అది మోగింది, మైకు ఆగింది. నోరు తెరిచి ఉండగా మాట తెగితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ దాన్ని ఒక చిన్న గీతతో సరిపెట్టేశాను. తన ఎత్తు తన మీదికే తిరిగినందుకు పక్కింటాయన తల వంచుకుని మీసం కింద నవ్వుకుంటున్నారు.

అంతా అయ్యి నాయకుడు కారెక్కబోతుంటే, సభలో ఏనాడూ నోరు విప్పని పక్కింటావిడ ఎదురొచ్చి నిలబడింది.

"మా ఇంటిముందలికి వచ్చి ఛాయ్ తాగకుండ పోతవా తమ్మీ? గీ సందు సివర్నే ఇల్లు."

చుట్టూ ఓట్లున్న జనం. కాదనడానికి వీల్లేదు. కారు సందులోకి తిరిగింది, సగం దూరం కూడా పోకముందే ముందు చక్రం రాత్రి వానకు నిండిన గుంతలో దిగబడింది. తెల్లటి బట్టల్లో ఆయన దిగి, పిక్కల దాకా బురదలో నడిచి అరుగు ఎక్కాడు. ఆవిడ కాళ్లకు నీళ్లిచ్చింది, ఛాయ్ ఇచ్చింది, ఇంకో కప్పు కూడా పోసింది. రోడ్డు ఊసు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

కారును ట్రాక్టరుతో లాగించారు. వారం తిరగకముందే గుంత పూడ్చి, పైన సిమెంటు వేశారు. ఆ అమెరికా ఊరి పని తర్వాత మా ఆఫీసు చేతిలోంచి పోయింది. ముసలావిడకు బస్సు వచ్చిందో లేదో నాకు తెలియదు. ఎవరినడగాలో కూడా తెలియదు.

మా రోడ్డు ప్రారంభోత్సవానికి నాయకుడు రిబ్బను కత్తిరించి, చాలాసేపు మాట్లాడాడు. ఎవరూ ఆపలేదు. ఆరిన నేల మీద నిలబడితే ఆయన బాల్యం వినడం అంత కష్టంగా అనిపించలేదు.