చిక్కంతో విస్సన్నపేట ప్రయాణం

మామిడికాయ తెంపడానికి వల కట్టిన గడను మా వైపు చిక్కం అంటారు. విస్సన్నపేట దగ్గర తోట చేసే మా తమ్ముడు తన చిక్కాన్ని సోమవారం ఆటోలో ముసునూరులోని మా ఇంటికి పంపాడు. గడకు ఒక చీటీ కట్టి ఉంది: "అక్కా, నీ దగ్గర ఉంచుకో. నాకిక పని లేదు."

నేను యాభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. వాడు నాకు రాసిన మొదటి చీటీ ఇదే. తప్పు చదివానేమోనని మూడుసార్లు చదివాను. తప్పు లేదు. చెట్ల నిండా కాయ ఉంది, కోతకు పది రోజులు కూడా లేదు. ఆ రోజుల్లో చిక్కం అరువు కూడా ఎవరూ ఇవ్వరు.

మంగళవారం ఉదయం ఆరున్నర బస్సెక్కాను, చిక్కంతో సహా. ఆడవాళ్లకు సున్నా టికెట్టు, ఆధార్ చూపించాలి.

"గడకి ఆధార్ ఉందా పిన్నిగారూ?" అన్నాడు కండక్టర్.

"దాని యజమాని దగ్గరుంది. అక్కడికే పోతున్నా."

నూజివీడులో రెండు ఇడ్లీలు తిన్నాను. చట్నీ పలచన. ఏడున్నరకు విస్సన్నపేట బస్సు. పక్క సీట్లో ఉన్న ఆశా కార్యకర్తకు చీటీ సంగతీ, నా భయమూ చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"సూటిగా అడగండమ్మా. అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఒంటరిగా మాత్రం వదలొద్దు."

తొమ్మిదికి ఇల్లు చేరాను. తమ్ముడు గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కాతో అరుగు మీద కూర్చున్నాడు. మరదలు సంతోషంగా ఉంది.

"మూడు నెలలు ఆయనకి నిద్రే లేదు వదినా. ఈ వారం ఎంత నెమ్మదించారో! వాచీ కూడా పక్కింటాయనకి ఇచ్చేశారు."

నేను వాడి పక్కన కూర్చున్నాను. "చచ్చిపోవాలనుకుంటున్నావేంట్రా?"

చిక్కం అందుకుని వల తడిమి చూశాడు. "అందరికీ బరువైపోయానక్కా. నీకెవరు చెప్పారు?"

"ఈ గడ. బస్సులో అందరి కాళ్లకీ తగులుతూ వచ్చింది. ముందు టిఫిన్ తిను, తర్వాత ఆసుపత్రికి పోదాం."

మరదలు ఏడుస్తూనే తోట పురుగుమందుల గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ముగ్గురం పదకొండు గంటల బస్సుకు నూజివీడు వెళ్లాం. డాక్టరు వాడితో నలభై నిమిషాలు మాట్లాడి, మందులు రాసి, గురువారం మళ్లీ రమ్మన్నారు. అప్పటిదాకా రోజంతా ఎవరో ఒకరు తోడుండాలన్నారు. మరదలు ఫోన్ చేస్తే, వాళ్ల అన్నయ్య వచ్చి ఇంట్లో ఉంటానన్నాడు.

నూజివీడు నుంచి నా బస్సు నాలుగున్నరకు. కిటికీ పక్కన కూర్చున్నాక తమ్ముడు కిందనుంచి పిలిచాడు.

"అక్కా, చిక్కం వల ఒకచోట చిరిగింది. గురువారం నైలాన్ తాడు తెస్తావా?"

ఈ దారిన వెళ్లేవారికి చెప్పేదేమంటే, బస్సులు సమయానికే ఉన్నాయి, గడ పట్టుకుని ఎక్కితే నిలబడాల్సి వస్తుంది. వాడి చీటీ వెనక్కి తిప్పి, మర్చిపోకుండా రాసుకున్నాను: నైలాన్ తాడు, గురువారం.