సూదికి పసుపు

ఆర్మూరులో పుట్టినవాడికి పసుపు గురించి కొత్తగా చెప్పేదేముంది అనుకునేవాణ్ణి, ఈ రోజు దాకా.

పొద్దున లక్ష్మవ్వ కొడుకు తెల్ల అంగికి జేబు కుడుతుంటే దారం తెగింది. వాడు సాయంత్రం బస్సుకే బొంబాయి పోయి, అక్కణ్ణుంచి దుబాయి విమానం ఎక్కాలి. తెల్ల దారం, నా ముసలి కళ్లు; మిషన్ సూది బెజ్జంలోకి ఎంతకీ దూరదు. కొసను ఎంగిలి చేసి చేసి నా నోరే ఎండిపోయింది.

మా ఆవిడ చూడలేక, "జర పసుపు ముద్దల ముంచరాదా? కొస బిర్రుగైతది, కండ్లకు అవుపడతది" అంది.

ముంచాను. ఒక్క దెబ్బకు ఎక్కింది! ఆ సంబరంలో పచ్చటి కొస తుంచడం మరిచి మిషన్ తొక్కాను. జేబు మీద మరక పడింది. కంగారులో సబ్బు రుద్దితే సగం మరక ఎర్రబడింది. అంతలో లక్ష్మవ్వ రానే వచ్చింది, మరక చూడనే చూసింది.

"కాకా! కొత్త అంగికి పసుపు, కుంకుమ రెండూ పెట్టినవా? కన్నతల్లిని, నాకే యాది లేకపాయె!"

"గంత దూరం పోతుండు గదనే" అన్నాను, గొంతు బరువు చేసుకుని. లోపల మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

నిజం చెప్పాల్సిందంటారా? బస్సు వెళ్లిపోయింది, తీరిగ్గానే చెప్పండి.