కిష్టయ్య ఊదిన దొంగ విజిల్

కొండాపూర్‌లో నేను కిరాయికి దిగిన ఇంటి యజమాని పేరు కిష్టయ్య. ఆర్టీసీలో ముప్పై రెండేళ్లు కండక్టరుగా పనిచేసి తొంభై ఏడులో రిటైరయ్యాడు. టికెట్ల పెట్టె, తోలు సంచి అన్నీ డిపోలో అప్పగించాడు గానీ విజిల్ మాత్రం అప్పగించలేదు. అది తన సొంతానిదట. నల్లదారంతో మెడలో వేసుకుని తిరిగేవాడు. స్నానానికి కూడా తీయడని ఆయన భార్య రుక్కమ్మ చెప్పింది. నేను పోయి చూడలేదు.

రిటైరైన నెలకే ఒక కుక్కపిల్లను తెచ్చుకున్నాడు. గోధుమరంగుది, ఒక చెవి నిలబడి, ఇంకొకటి వాలిపోయి, అచ్చంగా మన వీధి జాతి. దానికి డ్రైవర్ అని పేరు పెట్టాడు.

"ముప్పై రెండేండ్లు సీటి కొట్టిన కంపౌండర్ సాబ్. ఒక్క డ్రైవరన్న మొదటి సీటికి బండి ఆపిండా? గీడు ఆపుతడు సూడుండ్రి" అన్నాడు నాతో, మెడలో విజిల్ చూపిస్తూ.

నేను పశువుల దవాఖానలో కంపౌండర్ని. మాది అనంతపురం జిల్లా. పగలంతా బర్రెలకూ మేకలకూ సూదులు వేసి ఇంటికొచ్చేసరికి, గడపలో కిష్టయ్య కుక్కను ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా ఉండేవాడు. దాని ముక్కు ఎండిందా, చెవిలో చీము పట్టిందా, దగ్గిందా, దగ్గినట్టు నటించిందా, అన్నీ నేనే తేల్చాలి. ఆయన మనవళ్లకు జ్వరమొచ్చినా ఇంత హడావుడి చూడలేదు.

అలాగని ఎగతాళి చేయడమే నా పని కాదు. కుక్కను అంత శ్రద్ధగా పెంచిన మనిషిని నేను మా దవాఖానలో కూడా చూడలేదు. పిచ్చికుక్క కాటు టీకా, నట్టల మందు ఏ తేదీకి వేయాలో క్యాలెండర్ మీద ఎర్ర పెన్సిల్‌తో గుండ్రంగా చుట్టేవాడు. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని పిడుదులు ఏరేవాడు. ఉడికించిన కోడి ఎముకలు గొంతులో గుచ్చుకుంటాయని ఒక్కసారి చెప్పాను, అంతే, ఆ ఇంట్లో కోడి వండిన రోజు రుక్కమ్మ ఎముకలను కాగితంలో కట్టి దాచుకోవాల్సి వచ్చేది.

ఇక తిండి విషయం. మధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకు ఉప్పూ కారం లేని అన్నం, ఒక ఉడికిన గుడ్డు. పిలుపు నోటితో కాదు, విజిల్‌తో. ఒక విజిల్ అంటే ఉన్నచోట ఆగిపోవాలి. రెండు అంటే రైట్, తిండికి రావాలి. రెండు విజిళ్లు వినపడ్డాయంటే డ్రైవర్ ఎక్కడున్నా, ఏ గోడ అడ్డమున్నా, ఆగేది కాదు. వీధి వీధంతా వచ్చి ఆ తమాషా చూసేది. కిష్టయ్య మీసం దువ్వుకునేవాడు.

ఇంతలో మాదాపూర్ వైపు గుండ్రటి అద్దాల మేడ లేచింది. దాని వెంట మా చుట్టుపక్కల ప్రతి గుట్టకూ గిరాకీ వచ్చింది. మా ఇంటి వెనక బండల గుట్ట మీద కూడా ఏదో కంప్యూటర్ల ఆఫీసు కడతామని గోవిందప్ప ముఠాను దించారు. గోవిందప్ప బండలు పేల్చే మేస్త్రి, మా అనంతపురం వైపువాడే. బండకు రంధ్రాలు కొట్టి, మందు కూరి, అటూ ఇటూ ఎర్రగుడ్డలు కట్టి, అందరూ దూరం పోవాలని హెచ్చరించి పేల్చేవాడు.

గుట్ట మీద మొదటి పేలుడు రోజు నాకు సెలవు. పన్నెండు కావస్తోంది. కిష్టయ్య పళ్లెంలో అన్నం కలిపి, గుడ్డు చిదిమి, విజిల్ చేతిలోకి తీసుకున్నాడు. ఇంకా నోట్లో పెట్టుకోనే లేదు. గుట్ట మీదినుంచి విజిల్ వినపడింది. రెండేసి, రెండేసి, గట్టిగా.

నీడలో పడుకున్న డ్రైవర్ ఒక్క దూకున గోడ దాటిపోయింది.

"గిదేంది? నేను కొట్టకముందే రైట్ ఎవడు కొట్టిండు?" అన్నాడు కిష్టయ్య, పళ్లెం పట్టుకుని.

నాకు అర్థం కావడానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. అది గోవిందప్ప హెచ్చరిక విజిల్. మనుషులు దూరం పొమ్మని ఊదితే మా కుక్క భోజనానికని పోయింది. నేను గేటు దాకా పరుగెత్తానో లేదో, నేల అదిరింది. గుట్ట మీద దుమ్ము లేచింది. వెనక పళ్లెం కిందపడిన చప్పుడైంది.

ఆ కాసేపట్లో కిష్టయ్య ముఖం చూడలేకపోయాను. డ్రైవర్, డ్రైవర్ అని అరుస్తూ గోడ ఎక్కబోయాడు.

కొంతసేపటికి గోవిందప్ప గుట్ట దిగి వచ్చాడు. భుజాన డ్రైవర్. వెనక కాలికి రాయి ముక్క తగిలి నెత్తురు కారుతోంది.

"ఎవురిది సామీ ఈ కుక్క? వత్తికి నిప్పు పెట్టినాక వచ్చి బండ కాడ కూచుండె. అన్నం పెట్టు అన్నట్టు నా మొగం చూస్తా ఉండె. రాళ్లేసి తరిమినా పోకపాయె. కడకు మావోడు కట్టె తీసుకుంటే లేచి ఉరికె" అన్నాడు.

నేను గాయం కడిగి, మందు రాసి, కట్టు కట్టాను. ఎముక విరగలేదు. అది తేలగానే కిష్టయ్యకు ప్రాణం వచ్చింది, దాంతోపాటు కోపం కూడా.

"నీ సీటీ మార్చుకో మేస్త్రీ. రెండు సీటీలంటే రైట్. దూరం పొమ్మననీకి రైట్ కొడతరా ఎవరన్న?"

"పన్నెండు మంది పానాలు ఈ ఈల మీద ఉండాయి సామీ. ఎన్నో ఏండ్లుగా మావోళ్ల చెవులకు అలవాటైన ఈల. నేను మార్చలేను. నీ కుక్కకు నేర్పింది నువ్వే కదా, నువ్వే మరిపించుకో" అని గోవిందప్ప వెళ్లిపోయాడు.

మూడు రోజులు కుక్కను గొలుసుతో కట్టేశాడు కిష్టయ్య. పన్నెండు కాగానే గుట్ట మీద ఈల, ఇక్కడ డ్రైవర్ గింజుకోవడం. మెడ చుట్టూ బొచ్చు ఊడి తోలు కమిలింది. పేల్చాల్సిన గుట్ట ఇంకా చాలా ఉంది. ఏదో ఒకరోజు గొలుసు తెగుతుంది, లేదా రుక్కమ్మ కట్టడం మరిచిపోతుంది. అప్పుడు కట్టు కట్టడానికి నాకు కుక్క మిగలదు.

"ఒక్కటే దారి కిష్టన్నా. విజిల్ ఊదు, తిండి పెట్టొద్దు. రోజుకు ముప్పైసార్లు, నలభైసార్లు. విజిల్ అంటే ఏమీ లేదని దానికి తెలిసిపోవల్ల. అన్నం మాత్రం వేరే వేళకు, పిలవకుండా దాని ముందర పెట్టు" అన్నాను.

కిష్టయ్య నన్ను దొంగను చూసినట్టు చూశాడు. "దొంగ సీటి కొట్టమంటున్నవా? నా సర్వీసుల ఒక్క దొంగ సీటి కొట్టలే నేను. ఆడు నమ్మి ఉరికొస్తడు గద సాబ్!"

"గందుకే చచ్చేటందుకు వోయిండు" అంది రుక్కమ్మ, ముఖం తిప్పుకుని.

మర్నాటి నుంచి, పేలుడు వేళ తప్ప మిగతా సమయంలో గొలుసు విప్పి, మొదలుపెట్టాడు. మొదటి విజిల్‌కు డ్రైవర్ మూడు కాళ్ల మీద కుంటుకుంటూ వచ్చింది, తోక ఊపుతూ. పళ్లెం లేదు. ఆయన చేతులు వాసన చూసింది. ఆయన ముఖంలోకి చూసింది. కిష్టయ్య లేచి లోపలికి పోయాడు. కళ్లలో దుమ్ము పడిందట. ఆ వారమంతా ఆ ఇంట్లో దుమ్ము ఎక్కువగానే పడింది. అది తిన్నాక గానీ తాను తినేవాడు కాదు. నలభైసార్లు మోసం చేసి, నలభైసార్లూ "మాఫ్ చెయ్ బిడ్డా" అని దాని తల నిమిరేవాడు. అలా నిమిరితే అది కూడా బహుమానమే అవుతుంది, పని చెడుతుందని నేను కసురుకున్నాను. అప్పటినుంచి చేతులు కట్టుకుని గోడ వైపు తిరిగి ఊదేవాడు.

పదోరోజుకు డ్రైవర్ నడిచి వచ్చింది, పరుగెత్తలేదు. పదిహేనోరోజుకు సగం దాకా వచ్చి వెనక్కి మళ్లింది. మూడు వారాలు దాటాక ఒక ఉదయం కిష్టయ్య ఊపిరి నిండా పీల్చుకుని రెండు విజిళ్లు ఊదాడు. వేపచెట్టు కింద డ్రైవర్ ఒక కన్ను తెరిచి, మళ్లీ మూసుకుంది. ఇంకోసారి ఊదాడు. అది వెల్లకిలా తిరిగి పడుకుంది.

"నా సీటి ఇంటలేడు! రుక్కమ్మా, ఇంటలేడే!" అని వీధిలోకి పోయి కేకలు పెట్టాడు.

ఆ పన్నెండుకు గొలుసు విప్పాము. ఎందుకైనా మంచిదని పొడుగు తాడొకటి కట్టి, వదులుగా నేను పట్టుకున్నాను. గుట్ట మీద గోవిందప్ప ఈల మొదలైంది. రెండేసి, రెండేసి. డ్రైవర్ చెవి ఒకటి కదిలింది. కిష్టయ్య పెదాలు కూడా కదులుతున్నాయి, ఏ దేవుడికి మొక్కుతున్నాడో. తాడు బిగుసుకోలేదు. ఢామ్మని బండ పేలింది. అప్పుడు లేచింది డ్రైవర్, లేచి నేరుగా వచ్చి కిష్టయ్య ఒళ్లో తల దూర్చి వణికింది.

ఆయన దాన్ని రెండు చేతులా పొదువుకున్నాడు. ఈసారి దుమ్ము అనలేదు, బాహాటంగానే ఏడ్చాడు.

"ఇగ నా మాట ఎన్నడు ఇనకున్నా మంచిదే కంపౌండర్ సాబ్" అన్నాడు. "ఉంటే సాలు."