కుళ్ళని ముడుపు

అయర్లండ్‌లో శిథిలాలకి దారి చూపించే బోర్డులు గోధుమరంగులో ఉంటాయి. రోడ్డు పక్కన ఆ రంగు కనబడితే చాలు, అన్న ఇండికేటర్ వేసేసేవాడు. ఎంత దూరం, చూడ్డానికి అక్కడ ఏమైనా మిగిలిందా అనే ప్రశ్నలు లేవు. ఆ వేసవంతా మేం అలాగే తిరిగాం.

అన్న అంటే సొంత అన్న కాదు. కరీంనగర్ మనిషి. రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో పని. నాది ఒంగోలు. కార్క్ సిటీని ఆనుకున్న బాలింకాలిగ్‌లో ఇల్లు దొరక్క, ఇంకో అరగంట లోపలికి, ఒక చర్చి, రెండు పబ్బులు, ఒక పెట్రోలు బంకు ఉన్న పల్లెలో, ఒకే ఇంట్లో చెరో గది అద్దెకు తీసుకున్నాం. నాదాన్ని గది అనడం మర్యాద కోసం. మంచం వేశాక తలుపు సగమే తెరుచుకునేది. పక్కకి తిరిగి లోపలికి వెళ్లేవాణ్ణి, దొంగలాగా.

చదువయ్యాక ఉద్యోగం చేసుకోమని ప్రభుత్వం ఇచ్చిన కార్డు అక్టోబరు చివరితో అయిపోతుంది. ఈలోగా పర్మిట్ ఇప్పించే కంపెనీ దొరకాలి. లేకపోతే పెట్టె సర్దుకోవాలి. సిటీలో కాంట్రాక్టు మీద చేస్తున్న పని మేలో ఆగిపోయింది. పని బాలేదని కాదట, చాలా బాగుందట. అంత బాగుంటే ఎందుకు తీసేస్తున్నారని అడుగుదామనుకున్నాను గానీ, అప్పటికే సెక్యూరిటీ ఆయన నాకోసం తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. మర్యాదస్తుడు. ఐడీ కార్డు తీసుకుని, దాని తాడు మాత్రం నాకు వదిలేశారు.

అవి ఉద్యోగాలు లేని రోజులు కూడా కావు. రేడియో పెడితే ఏదో ఒక కంపెనీ డబ్లిన్‌లో ఇంకో బిల్డింగు కడుతోందని వార్త. కార్క్‌లో నది పక్కన ఎటు చూసినా క్రేన్లు. దేశమంతా జనం కావాలని మొత్తుకుంటోంది. అప్లికేషన్లో చివరి ప్రశ్న దగ్గరే తేడా వచ్చేది: మీకు వర్క్ పర్మిట్ అవసరమా? అవునని టిక్కు పెట్టేవాణ్ణి. ఒకసారైతే టీ పెట్టుకుని వచ్చేలోపే 'క్షమించండి' వచ్చింది. టీ బ్యాగు ఇంకా కప్పులోనే ఉంది.

అందుకని ఆదివారాలు శిథిలాలు. పైకప్పు లేని కోట ఒకటి చూశాం, లోపల ఆవులు కాపురం ఉంటున్నాయి. ఎవరో రైతు పొలంలో గుండ్రంగా నిలబెట్టిన రాళ్లు చూశాం. ఎందుకు నిలబెట్టారో ఎవరికీ తెలీదని బోర్డు మీదే రాశారు. అంత నిజాయితీ నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు. ఒకసారి, ఎప్పటిదో బంగాళదుంపల కరువులో చచ్చిపోయినవాళ్లని పాతిపెట్టిన దిబ్బ దగ్గరికి వెళ్లాం. సమాధి రాళ్లు లేవు, పేర్లు లేవు, మోకాలెత్తు గడ్డి. పక్కన బోర్డు అన్న రెండుసార్లు చదివాడు.

"తిండి లేక ఈడోళ్లంత దేశం ఇడిశిపెట్టి ఓడలెక్కిర్రట," అన్నాడు చివరికి. "మనమేమో ఈడనే ఉంటమని ఏడుస్తున్నం."

"ఏడవటం లేదన్నా. అప్లై చేస్తున్నాను."

"రెండు ఒక్కటే గదరా నీకు."

జులైలో బావి దగ్గరికి వెళ్లాం. మా పల్లెకి నాలుగు మైళ్లలో, పొలాల మధ్య, చుట్టూ గోడ, చిన్న ఇనుప గేటు. తాళం ఎదురింట్లో అడగాలని చీటీ తగిలించి ఉంది. ఆ దేశంలో అదొక పద్ధతి: ఎంత పాత కట్టడమైనా, దాని తాళం ఎదురింటి వంటగదిలో మేకుకి వేలాడుతూ ఉంటుంది. తలుపు తీసిన ముసలావిడ మా మొహాలు చూసి, తాళంతో పాటు చెరో బిస్కెట్టు కూడా ఇచ్చింది.

బావి అంటే మోకాలి లోతు ఊట, అంతే. దాని మీదికి వాలిన ఒక ముళ్ల చెట్టు. చెట్టు నిండా గుడ్డపీలికలు, జపమాలలు, ఒక పసిబిడ్డ సాక్సు.

"అరె, ఇవి ముడుపులురా!" అన్నాడు అన్న, పోయిన చుట్టం కనబడినట్టు. చెప్పులు విప్పేశాడు, ఆ బురదలో. "నీ తాన గుడ్డ ఏమన్న ఉన్నదా? కట్టు, కట్టు. మంగళారం నీ ఇంటర్వ్యూ ఉండె గద?"

ఉంది. డబ్లిన్ పక్కన క్లాండాల్కిన్‌లో ఒక కంపెనీ. పర్మిట్ అవసరమని చెప్పాక కూడా ఫోన్ పెట్టెయ్యని మొదటి కంపెనీ. కోటు జేబులో చెయ్యి పెడితే ఐడీ తాడు తగిలింది. నీలం రంగు, పొడుగూతా పాత కంపెనీ పేరు. మడతలో ఒక నాణెం పెట్టి, ఆ ఉద్యోగం ఇప్పించమని మొక్కి, కొమ్మకి మూడు ముళ్లు వేశాను. జీవితంలో మొదటిసారి మూడు ముళ్లు వేసింది ఒక ముళ్ల చెట్టుకి. మా వాళ్లు వింటే కనీసం కులమేమిటని అడుగుతారు.

తాళం తీసుకోడానికి వచ్చిన ముసలావిడ నా తాడుని వేళ్లతో రుద్ది చూసింది.

"ఇది నైలానుది కదా అబ్బాయ్," అంది. "నూలుదో ఉన్నిదో కట్టాలి. గుడ్డ చివికి కుళ్ళిపోతేనే నీ కష్టం పోతుంది. ఇది మనందరం పోయినా ఉంటుంది."

"విప్పేస్తానండీ," అన్నాను.

అన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "మొక్కు తీరకముందు ముడుపు ఇప్పుతారురా ఎవ్వడన్న? తీరినంకనే ఇప్పాలె."

అదీ నా పరిస్థితి. వాళ్ల లెక్కలో అది కుళ్ళాలి, కుళ్ళదు. మా లెక్కలో కోరిక తీరేదాకా విప్పకూడదు. ఎటూ కాకుండా కట్టింది ఆ చెట్టు చరిత్రలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. విషయం ఆవిడకి చెప్పాను.

"గ్రాండ్," అంది. "ఉద్యోగం వచ్చాకే వచ్చి విప్పుకో మరి."

గ్రాండంటే అక్కడ 'బాగుంది, ఫర్వాలేదు' అని. ఆవిడకి అన్నీ గ్రాండే. వాన గ్రాండ్, మోకాలి నొప్పి గ్రాండ్, చనిపోయిన భర్త కూడా, చివరి రోజుల వరకూ, గ్రాండ్.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. రెండు వారాలకోసారి వెళ్లి చూసొచ్చేవాణ్ణి. చుట్టూ ఉన్న పీలికలు ఒక్కొక్కటే వెలిసి, నాని, దారాలు దారాలుగా ఊడిపోతున్నాయి. ఎవరెవరి తలనొప్పులో, గుండెజబ్బులో తగ్గిపోతున్నాయి. నా తాడు మాత్రం వానకి కడుక్కుని ఇంకా మెరుస్తోంది. వందడుగుల దూరం నుంచి కంపెనీ పేరు చదవచ్చు. నన్ను తీసేసినవాళ్లకి పొలాల్లో ఉచితంగా ప్రచారం చేసిపెడుతున్నాను.

క్లాండాల్కిన్ వాళ్లు మూడుసార్లు ఫోన్లో మాట్లాడి, సెప్టెంబర్లో నాలుగోసారి ఎదురుగా కూచోబెట్టారు. అయిదేళ్లలో ఎక్కడ ఉండాలనుకుంటున్నావని అడిగారు. నవంబర్లో ఎక్కడుంటానో తెలియనివాణ్ణి, 'ఇక్కడే, మీ టీంకి లీడ్‌గా' అన్నాను. అందరూ నవ్వారు. తిరుగు బస్సులో వాళ్ల నవ్వుని ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో. ఏ వైపు నుంచి చూసినా మంచి నవ్వే.

మూడు వారాల తర్వాత మెయిలొచ్చింది. నా పని చాలా బాగుందట.

అప్పుడు వంటగదిలో ఉన్నాను. అన్న ప్రెస్‌లోంచి, అక్కడ అలమారని అలాగే అంటారు, పప్పు డబ్బా తీస్తున్నాడు. ఫోన్ చూపించాను. చదివి, డబ్బా మళ్లీ లోపల పెట్టేసి, స్టవ్ వెలిగించకుండానే కుర్చీలో కూలబడ్డాడు. నాకు ఒక్క జోకు కూడా తట్టలేదు. మెయిల్ కంటే దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

చివరి ఆదివారం తాడు విప్పడానికి వెళ్లాం. కష్టం నాది గానీ, ప్లాస్టిక్ మోయడానికి చెట్టు ఏం పాపం చేసింది? వానలకి ముడి బిగిసిపోయి గోళ్లకి లొంగలేదు. ముసలావిడ కత్తెర పట్టుకుని వచ్చింది.

"వచ్చిందా ఉద్యోగం?"

"లేదండీ. శుక్రవారం వెళ్లిపోతున్నాను."

ఆవిడ గ్రాండ్ అనలేదు. కత్తెర నా చేతికిచ్చి బావిలోకి చూస్తూ నిలబడింది.

"ముడుపు కొయ్యద్దురా," అన్నాడు అన్న, మెల్లగా.

"ఇంకేం తీరుతుందన్నా?"

కత్తిరించాను. నాణెం ఊటలో పడింది. ఆవిడ కోటు జేబులోంచి పాత వంటింటి తువ్వాలు తీసి, అంచు వెంట ఒక పీలిక చించి ఇచ్చింది. "ఇది నూలుదే. ఏదైనా కోరుకుని కట్టు."

పీలిక పట్టుకుని నిలబడ్డాను. ఉద్యోగం అడుగుదామంటే టైం లేదు. గడువు అడుగుదామంటే అది బావి డిపార్టుమెంటు కాదు. మిగతావి ఏమైనా ఉన్నాయేమోనని నిజంగానే వెతికాను. ఏమీ దొరకలేదు. వట్టిగానే కట్టేశాను. చలికాలం దాటేలోపు చక్కగా కుళ్ళిపోతుందని ఆవిడ హామీ ఇచ్చింది.

తాడు జేబులో వేసుకుని కారెక్కాను. వాన మొదలైంది. రెండు మైళ్లు పోయాక మలుపులో, మేం ఎప్పుడూ చూడని గోధుమరంగు బోర్డు ఒకటి కనబడింది. అన్న అలవాటుగా ఇండికేటర్ వేశాడు.

"వద్దులే అన్నా," అన్నాను.

ఇండికేటర్ ఇంకాసేపు టిక్కుటిక్కుమంది. తర్వాత ఆపేశాడు.