పుండు శుక్రవారం దాకా ఆగదు

రొమ్ము కేన్సర్ ముదిరి పుండైతే వచ్చే వాసన ఎలాంటిదో, గుమ్మంలోనే నిలబడి కాగితం మీద సంతకం పెట్టేవాళ్లకు తెలియదు. కట్టు విప్పేది నేను. నాకు తెలుసు.

నయంకాని రోగుల ఇళ్లకు వెళ్లి నొప్పీ బాధా తగ్గించే బృందంలో నర్సుని నేను. జీపులో ఎచ్చెర్ల దాటి సముద్రపు ఒడ్డు ఊళ్లు తిరిగేదాన్ని. డాక్టరుగారు శుక్రవారాలు వచ్చేవారు, అదీ మీటింగు లేకపోతే.

ఆ పుండు ముప్పై ఏళ్లు చేపల గంప మోసిన మనిషిది. మధ్యాహ్నం చేపలమ్ముకుని వచ్చే సొంత చెల్లెల్ని కూడా గడప దాటనిచ్చేది కాదు.

“ఎండు సేపలమ్మిన ముక్కే ఇది, నీ పుండుకి బెదిరిపోతాదేటి?” అని వాకిట్లో ఇసుకలో కూర్చుని చెల్లెలు అరిచేది.

“సేప కంపు కడుక్కుంటే పోతాది. ఇది పోదు. అక్కడే కూకోయే!” అని అక్క గోడవైపు తిరిగిపోయేది. నొప్పికి ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చేది.

మందు నా సంచిలోనే ఉంది. విరేచనాలకు మింగే మెట్రోనిడజోల్ బిళ్లల్ని పొడిచేసి పుండు మీద చల్లితే కొద్ది రోజుల్లో వాసన తగ్గుతుంది. శిక్షణలో మాకు నేర్పిందే. అయినా మందు రాయాల్సింది డాక్టరుగారే గనక, ఒక సోమవారం ఆయనకు ఫోన్ చేశాను.

“శుక్రవారం చూసి రాస్తాను. అప్పటిదాకా మామూలు కట్టే కట్టండి” అన్నారు.

కట్టాను. ఆ శుక్రవారం ఆయన రాలేదు.

మళ్లీ సోమవారం ఫోన్ ఎత్తలేదు. ఇక బిళ్లలు నూరాను, చల్లాను, ఆమె మందుల కాగితం మీద రాసి నా సంతకమే పెట్టాను. రోజూ వెళ్లి కట్టు మార్చాను. గురువారానికి చెల్లెలు మంచం మీద కూర్చుని అక్క తల దువ్వుతోంది.

“సిస్టరమ్మా, సూడు, ఇప్పుడు దీని సేతులే కంపు కొడతన్నాయి!” అంది అక్క.

మర్నాడు డాక్టరుగారు కాగితం చూసి మండిపడ్డారు.

“ఎవరు చెప్పారు మీకు?”

“మీరు ఫోన్ ఎత్తలేదు సార్. పుండు ఆగలేదు.”

“నర్సు నర్సులా ఉండాలమ్మా!”

నేను రాసింది కొట్టేసి, దాని కిందే అదే మందు, అదే మోతాదు, తన చేత్తో రాశారు. తప్పయితే మళ్లీ ఎందుకు రాశారు? ఒప్పయితే ఎందుకు కొట్టేశారు? మొహం మీదే అడిగాను. జవాబుగా సంజాయిషీ ఇమ్మని మెమో వచ్చింది.

ఇచ్చాను. మందు సంచిలో పెట్టుకుని మొదటి సోమవారమే వేయకపోవడం నా తప్పేనని ఒప్పుకున్నాను. అందువల్ల ఒక చెల్లెలు ఇంకో వారం ఇసుకలో కూర్చోవలసి వచ్చిందనీ, ఇకమీదట ఆగబోననీ రాసి, కింద సంతకం పెట్టాను.