లోర్నా షెడ్డులో రెండో స్ప్రింగు

చాలిస్ అనే చిన్న అమెరికా కొండ ఊళ్లో స్కూలు బస్సు నడిపే లోర్నా పెటిబోన్‌కి యాభై ఎనిమిదేళ్లు. పొద్దున పిల్లల్ని బడిలో దించి, మధ్యాహ్నం మళ్లీ ఎక్కించుకునే దాకా ఇంటి వెనక షెడ్డులో పికప్ ట్రక్కుల ఎత్తు పెంచుతుంది. అక్టోబరులో ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేట మొదలయ్యే ముందు ఆమెకి ఊపిరి సలపదు. కొండ దారిలో రాళ్లు బండి అడుగుకి తగలకుండా ఉండాలంటే అది రెండంగుళాలైనా లేవాలి కదా.

భర్త పోయినప్పుడు అతని పనిముట్లు అమ్మెయ్యమని అందరం చెప్పాం. కొన్నవాడు వాటితో చెయ్యి విరగ్గొట్టుకుంటే ఆ పాపం తనకెందుకని, వాటిని వాడటం తనే నేర్చుకుంది. షెడ్డులో ఆమెది ఒకటే షరతు: బండి ఎవరిదో వాళ్లే పానా పట్టాలి, ఆమె పక్కన నిలబడి చూస్తుంది. ఒకసారి చేత్తో స్ప్రింగు బిగించినవాడు బతికినన్నాళ్లూ దాన్ని తేలిగ్గా తీసుకోడని ఆమె లెక్క.

కిందటేడు వేటకి ముందురోజు, శుక్రవారం, ఆమె చెల్లెలి మొగుడు గార్త్ తన బండి తెచ్చాడు. గార్త్ పశువుల సంతలో వేలంపాట పాడతాడు. ఊపిరి తీసుకోకుండా ముప్ఫై సెకన్లలో ఎద్దుని అమ్మేస్తాడు. అన్నం తినడంలోనూ అదే వేగం. సాయంత్రం నాలుగింటికి అతనూ నేనూ వేట గుడారానికి బయల్దేరాలి. మర్నాడు తెల్లవారితే వేట మొదలు.

ఎత్తు పెంచాలంటే చక్రం దగ్గరి స్ప్రింగుని ముందు అదిమి విప్పాలి; దాన్ని అదిమి పట్టే కొక్కేల కడ్డీలు రెండు. వాటిని ఎదురెదురుగా తగిలించి, మరలకి గ్రీజు రాసి, ఇటు అర చుట్టు, అటు అర చుట్టు బిగించాలి. గార్త్ చెయ్యి గాలి ఒత్తిడితో నట్లు తిప్పే ఎయిర్ గన్ మీదికి పోయింది. లోర్నా దాని గాలి గొట్టం ఊడదీసి మెడలో వేసుకుంది.

"చేత్తో తిప్పు మరిదీ. అది ఎద్దు కాదు, అమ్మేసి చేతులు దులుపుకోవడానికి."

"నువ్వు బస్సు నడిపినట్టు నడిపితే క్రిస్మస్‌కి తేలుతుంది వదినా."

"తేలనీ. నీ మూతి స్ప్రింగు మీద వాలుస్తున్నావు చూడు. ఆ పళ్లు ఊడితే సంతలో ఈల వేస్తావా?"

అతను మూతి వెనక్కి లాక్కున్నాడు. నిజానికి ఆ నోరే వాళ్లింటికి తిండి పెడుతోంది. పన్నెండున్నరకి మొదటి పక్క పూర్తయింది. హామ్ శాండ్‌విచ్‌లు తిని రెండో పక్క చక్రం విప్పి స్ప్రింగుని షాక్ అబ్జార్బర్‌తో సహా బయటికి తీసేసరికి రెండున్నర. బస్సు వేళయింది. తను వచ్చేదాకా కడ్డీలు ముట్టుకోవద్దని చెప్పి ఆమె వెళ్లింది.

తొందరపెట్టింది నేనే. దాచడం ఎందుకు? కొండ మీద చీకటి పడితే గుడారం వెయ్యలేమని నాలుగుసార్లు అన్నాను. గార్త్ కడ్డీలు తగిలించి తిప్పడం మొదలుపెట్టాడు. మొదట్లో ఇటూ అటూ సమంగానే తిప్పాడు. తర్వాత చెయ్యి అలవాటైన పక్కనే ఆడింది. స్ప్రింగు నిటారుగా దిగడం మానేసి ఒక పక్కకి వంగింది. ఒక కొక్కెం చుట్ట వెంట జారి రెండో దాని వైపు వచ్చేసింది.

"ఇంకెంత, పై నట్టు తీసెయ్," అన్నాను నేను.

గార్త్ పానా నట్టు మీద పెట్టి ఆగాడు. పక్కకి జరిగి, ఒక చేత్తో స్ప్రింగుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నట్టు విప్పాలంటే స్ప్రింగు తను కూర్చున్న గిన్నెలో వదులుగా తిరగాలి; లేకపోతే విప్పగానే ఎగిరి కొడుతుంది. కదల్లేదు. 

"వెర్న్, ముందు నువ్వు దాని ఎదురునుంచి లే," అన్నాడు మెల్లగా.

నేను సరిగ్గా దాని కొసకి ఎదురుగా బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాను. లేచి బెంచీ వెనక్కి వెళ్లాను. అతను పక్కనుంచి చెయ్యి చాచి, ఎక్కువ బిగిసిన కడ్డీని పావు చుట్టు వదిలాడు. ఆగాడు. మళ్లీ పావు చుట్టు. రెండూ సమానమయ్యాక ఇటూ అటూ వదులుతూ వచ్చాడు. చొక్కా వీపంతా తడిసింది. నలభై నిమిషాలు పట్టింది. నాలుగు దాటిపోయింది.

లోర్నా వచ్చేసరికి స్ప్రింగు పూర్తిగా సాగి, కడ్డీలు లేకుండా నేల మీద పడుంది. జరిగింది గార్త్ ఉన్నదున్నట్టు చెప్పాడు. నా పేరు మాత్రం ఎత్తలేదు. ఆమె కొక్కేలు తిప్పి చూసి, చుట్టల మీద జారిన గీత వేలితో తడిమింది. తిడుతుందనుకున్నాం. తిట్టలేదు.

"రేప్పొద్దున వేట పోయినట్టే కదా," అంది.

"పోనీ వదినా. ఎల్క్‌లు ఎక్కడికి పోతాయి."

"సరే, మొదట్నించీ కానీ."

గార్త్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి, మరలకి మళ్లీ గ్రీజు రాయడం మొదలుపెట్టాడు. లోర్నా ఫ్లాస్కులో మిగిలిన కాఫీ పోసుకుని, తలుపు దగ్గర కుర్చీ వేసుకుని, అతని వైపు వీపు పెట్టి కూర్చుంది. ఆ షెడ్డులో ఒకరు స్ప్రింగు బిగిస్తుంటే ఆమె అటు చూడకుండా కూర్చోవడం అంతవరకు నేనెన్నడూ ఎరగను.